దుప్పటి కింద చెయ్యి

సెలూన్ నడిపేవాడికి రోత ఉండకూడదు. ఈ మాట ఆయనే అంటుండేవాడు. చుండ్రు రాలే తలలు, చీము కారే మొటిమలు, రాత్రి తాగిందంతా పొద్దున్నే మొహం మీదకి ఊదే నోళ్ళు... ఎన్ని చూడలేదు గనక. ఎడమ బొటనవేలితో చర్మం బిగలాగి పట్టడం, కుడిచేత్తో కత్తి దించడం. ఏళ్ళ తరబడి ఆయన పని అదే.

ఆ మధ్యాహ్నం కుర్చీలో కూర్చున్నది అంబులెన్స్ డ్రైవరు. ఆయుష్షు గట్టిదంటే అదీ. గడ్డం సగం అయ్యిందో లేదో, డ్రైవరు అద్దంలోంచి ఈయన మొహాన్నే చూస్తూ, "అన్నా, ఒక్కసారి నవ్వు," అన్నాడు.

"ఎందుకయ్యా" అనబోయాడు. నోట్లోంచి ముద్దగా ఏదో వచ్చింది. అద్దంలో మూతి ఎడమవైపు కిందకి జారిపోయి, చొల్లు కారుతోంది.

డ్రైవరు ఒక చెంప నురగతోనే లేచి, ఈయన్ని బండెక్కించి సైరన్ వేసేశాడు. దారిలోనే ఆస్పత్రికి ఫోన్ చేశాడు. వెళ్ళేసరికి స్కానింగ్ సిద్ధం, రక్తం గడ్డను కరిగించే మందు సిద్ధం. "పక్షవాతం. ఇంకాస్త ఆలస్యమైతే మనిషి దక్కేవాడు కాదు," అంది డాక్టరమ్మ. ఈయన భార్య ఆవిడ చేతులు పట్టుకుని బావురుమంది.

మనిషి దక్కాడు. మాట తిరిగొచ్చింది. ఎడమ చెయ్యి ఒక్కటే రాలేదు.

రాకపోతే పోనీ అనుకోవచ్చు. కానీ మర్నాడు కళ్ళు తెరిచేసరికి దుప్పటి కింద, డొక్క పక్కన, ఏదో చల్లగా, చెమ్మగా తగిలింది. కుడిచేత్తో తడిమాడు. వేళ్ళు... ఎవరివో వేళ్ళు.

"ఏమే," అన్నాడు గుసగుసగా, "నా పక్కన ఎవరిదో చెయ్యుంది."

"మీదేనండీ. ఇంకెవరిదుంటుంది?"

"నాది కాదు. నా చెయ్యి నాకు తెలీదా? తీసేయమను. కంపు కొడుతోంది."

ఈ జబ్బులో కొందరికి సొంత చెయ్యే పరాయిదిగా అనిపిస్తుందట, మెల్లిగా తగ్గుతుందట. డాక్టరమ్మ అలా చెప్పి వెళ్ళింది. భార్య తడిగుడ్డతో ఆ చెయ్యి తుడుస్తుంటే ఆయన మొహం పక్కకి తిప్పుకున్నాడు. పాసిపోయిన నురగనీళ్ళలో నానిన వెంట్రుకల వాసన. ఆవిడకి రావడం లేదేమిటో.

అన్నం సయించలేదు. ఇంటికెళ్ళినా ఇది తనతోనే వస్తుంది, తన మంచం మీదే పడుకుంటుంది, ఆవిడ పక్కకొస్తే ముందు ఇదే తగులుతుంది. కత్తి మళ్ళీ పట్టకపోయినా సరే, ఆవిణ్ణి పట్టుకోవడానికి తన చెయ్యి తనకొస్తే చాలనుకున్నాడు.

ఆ మరుసటి రోజు భోజనాలయ్యాక కునుకు పట్టింది. మెడ మీద ఏదో పాకితే మెలకువొచ్చింది. చల్లటి బొటనవేలు... దవడ కింద ఆనింది. చర్మాన్ని మెల్లిగా కిందకి లాగింది. బిగలాగి... అలాగే పట్టుకుంది. కత్తి దించే ముందు పట్టుకున్నట్టు.

ఆయన కేక విని భార్య పరిగెత్తుకొచ్చింది. "చెయ్యి కదిలిందా? మెడ దాకా వచ్చిందా?" అని సంతోషంతో కళ్ళు తుడుచుకుంది. మంచి లక్షణమే అన్నారు అందరూ. కదిపింది తను కాదంటే ఎవరు వింటారు?

సాయంత్రం మబ్బు పట్టింది. వార్డులో ఇంకా లైట్లు వెయ్యలేదు. ఆవిడ ఎడమపక్క స్టూలు మీద కూర్చుని, దుప్పటి కిందకి చెయ్యి దూర్చి ఆ చేతిని పట్టుకుంది.

"మంచులా ఉందండీ," అంది.

ఆయన భుజంలో చీమలు పాకుతున్నాయి. మోచేతి దాకా దిగాయి... మణికట్టు... వేళ్ళ చివరలు. వెచ్చగా. అబ్బ, ఇది తనది. అచ్చంగా తనదే.

ఊపిరి బిగబట్టి రెండు చేతులూ దుప్పటిలోంచి బయటికి తీశాడు. మొహం ముందు పెట్టుకుని ఎడమ చేతి వేళ్ళు ఆడించాడు. అయిదూ ఆడాయి. ఆయనకి ఏడుపొచ్చేసింది.

"చూడవే... నా చెయ్యి నాకొచ్చేసింది."

ఆవిడ చూసింది. నవ్వబోయింది. ఆగిపోయింది. ఆయన రెండు చేతుల్నీ మార్చి మార్చి చూసింది. ఆవిడ చెయ్యి ఇంకా దుప్పటి కిందే ఉంది.

"ఏమండీ..." అంది. "మరి నేను పట్టుకున్నది..."

వెనక్కి లాక్కోబోయింది. దుప్పటి కింద వేళ్ళు బిగుసుకున్నాయి.