నలభైలో ఒక్క మరబొమ్మ

బొమ్మల కంపెనీ ల్యాబ్‌లో ఇంజనీరు కూర్చున్నవాడు కూర్చున్నట్టే చచ్చిపోయి ఉన్నాడు. టేబుల్ మీద సగం విప్పిన మరబొమ్మ చక్రాలు ఇంకా తిరుగుతున్నాయి. అతని చేతి కింద ఫోను. అందులో ఆఖరి మెసేజ్: "నలభైలో ఒకటి. పదకొండున్నర."

"మనవాడే. ఈ మెసేజ్ మనకే," అన్నాడు చీఫ్. "వీడి గదిలోంచి ఆఖరున బయటికొచ్చింది నెమలి."

ఏజెంట్ మౌని తలెత్తి చూశాడు. నెమలి ఆ కంపెనీ సేల్స్ మేనేజర్. విదేశీ ముఠాలో ఉంటూ మౌని వాళ్ల గూఢచారి శాఖకి రహస్యాలు అందించే డబుల్ ఏజెంట్. అందగత్తె. ఎవరి మనిషో ఆమెకే తెలియాలి.

"ఇవి పిల్లలకి ప్రోగ్రామింగ్ నేర్పే కిట్లు," అన్నాడు చీఫ్. "టాబ్లెట్‌లో రంగు బ్లాకులు వరసగా పేరిస్తే బొమ్మ అలాగే నడుస్తుంది. ఈ పొద్దున నలభై కిట్లు ఎయిర్‌పోర్టు సిబ్బంది పిల్లల పోటీకి వెళ్లాయి. హాలు సరిగ్గా కంట్రోల్ టవర్ కింద."

"ఒకదాంట్లో జామర్?"

"అది ఆన్ అయితే టవర్ మాట పైలట్‌కి వినబడదు. పదకొండున్నరకి రెండొందల మందితో విమానం దిగుతోంది. మంచుకి చుట్టుపక్కల ఎయిర్‌పోర్టులన్నీ మూసేశారు. ఇంకో చోటికి వెళ్లడానికి ఇంధనం లేదు."

"నా వేషం?"

"పోటీకి జడ్జి. పరిగెత్తు."

పదకొండూ ఇరవై. హాలు కిటికీల అవతల తెల్లటి మంచు తప్ప ఏమీ లేదు. నేలమీద నలభై మంది పిల్లలు, నలభై బొమ్మలు. మౌని చెవిలో సన్నటి ఇయర్‌ఫోను. అందులో టవర్ ఆఫీసర్ గొంతు పైలట్‌కి దారి చెబుతోంది.

ఎర్ర చీరలో నెమలి పక్కకొచ్చి నిలబడింది.

"గొడుగు తెచ్చారా?" కోడ్ మాట.

"ఎండ కదా అని తేలేదు." మౌని ఫైలు కింద పిస్టల్ ఆమె నడుముకి ఆనింది. "ఇంజనీర్ని ఎందుకు చంపావు?"

"బయటికి తీసుకొచ్చేద్దామని వెళ్లాను. నేను వెళ్లేసరికే..." ఆమె చూపు పక్కకి తిప్పుకుంది. వెంటనే నవ్వు తెచ్చుకుంది. "తలుపు దగ్గర కోచ్‌ని చూడు. ముఠా మనిషి. జేబులో రిమోట్. హాలు ఖాళీ చేయిస్తే ముందే నొక్కేస్తాడు."

"ఏ బొమ్మ?"

"నాకూ చెప్పలేదు. ఒట్టు."

నమ్మాలా? తేల్చుకునే టైము లేదు. మౌని మైకు అందుకున్నాడు.

"పిల్లలూ, మొదటి రౌండ్! బొమ్మలోంచి బ్యాటరీలు ఎవరు ముందు తీస్తే వాళ్లే ఫస్ట్. స్టార్ట్!"

టకటకా మూతలు ఊడాయి. బ్యాటరీలు నేలమీద దొర్లాయి. కోచ్ మొహం పాలిపోయింది. చెయ్యి జేబులోకి పోయింది. మౌని ఒక్క దూకులో అతన్ని కింద పడేశాడు కానీ, క్లిక్ అన్న శబ్దం ముందే వినబడింది.

ఇయర్‌ఫోనులో టవర్ గొంతు ఆగిపోయింది. బుస్సుమనే శబ్దం తప్ప ఏమీ లేదు.

"సార్, నాది రావట్లేదు," అంది వెనక వరసలో ఒక పాప, ఏడుపు గొంతుతో. ఆమె బొమ్మ కళ్లు ఎర్రగా వెలుగుతున్నాయి.

మౌని కోచ్‌ని తలుపు దగ్గరి పోలీసుకి వదిలేసి, బొమ్మని లాక్కుని బూటుతో తొక్కాడు. ప్లాస్టిక్ పగిలింది. లోపల ఉక్కు పెట్టె చెక్కు చెదరలేదు. పాప గొల్లుమంది. మంచులో ఎక్కడో ఇంజన్ల హోరు దగ్గరవుతోంది. ఉండాల్సినదానికంటే కిందుగా.

"తప్పుకో!" నెమలి మోకాళ్ల మీద కూలబడింది. లిప్‌స్టిక్ మూత తీసింది. లోపల సన్నటి స్క్రూడ్రైవర్. మౌని పిస్టల్ ఆమె తల వెనకే ఉంది. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. మొదటి స్క్రూ. రెండోది. మూడోది జారింది. గోరు విరిగి రక్తం వచ్చింది. నాలుగోది ఊడింది. వైరు పట్టుకుని లాగేసింది.

ఎర్ర కళ్లు ఆరిపోయాయి.

"...ఎత్తు పెంచండి! పెంచండి!" టవర్ గొంతు అరుస్తోంది. హోరు హాలు పైకప్పు మీదుగా దూసుకుపోయింది. కిటికీ అద్దాలు గలగలలాడాయి. కాసేపటికి పైలట్ గొంతు: "వినబడుతోంది. మళ్లీ వస్తున్నాం."

ఈసారి చక్రాలు రన్‌వేకి తగిలేదాకా మౌని ఊపిరి తీసుకోలేదు. అప్పుడు పిస్టల్ లోపల పెట్టి, కర్చీఫ్ తీసి నెమలి వేలికి కట్టాడు.

"ఇంజనీరుకి ఇద్దరు కూతుళ్లు," అందామె తల వంచుకుని. "వాళ్లకి నేనే వెళ్లి చెబుతాను."

"నేనూ వస్తాను."

కదలబోతే దారి లేదు. చుట్టూ ముప్ఫై తొమ్మిది మంది ముప్ఫై తొమ్మిది జతల బ్యాటరీలు పైకెత్తి నిలబడ్డారు.

"నేనే ఫస్ట్ సార్!"

నలభయ్యో పాప మాత్రం విరిగిన బొమ్మ ముక్కలు ఒళ్లో పెట్టుకుని, జడ్జి మీద ఎవరికి ఫిర్యాదు చెయ్యాలని కోచ్‌కి బేడీలు వేస్తున్న పోలీసుని అడుగుతోంది.