తొమ్మిదీ నలభైకి తడిగా ఉన్న పాలసీసా

"నా కొడుకు పాలల్ల విషం కలిపింది గీమెనే! లోపలెయ్యున్రి మేడం!"

కన్యక వేలు బాలవ్వ ముక్కు దాకా వచ్చింది.

గురువారం. మధ్యాహ్నం 12.10. సిద్దిపేటలో పోలీస్ స్టేషన్.

ఫ్యాను కింద కూర్చున్నదెవరు? కేసు పెట్టడానికి వచ్చిన మొగుడూ పెళ్ళామూ. గోడకు ఆనుకుని నిలబడ్డదెవరు? పనిమనిషి. ఎప్పుడూ ఇంతే. తప్పెవరిదో తేలకముందే కుర్చీలు తేలిపోతాయి.

ఎస్సై ఎస్తేర్ ఒక కుర్చీ లాగింది.

"కూసో బాలవ్వా."

కన్యకకు అది మంట పుట్టించింది. "ఓహో! ఆయితారం ఒక్క చర్చికే పోతరా ఇద్దరు?"

"పోతె పోతం. నువ్వు సంగతి చెప్పమ్మా."

సంగతి ఇది. రాధాకిషన్‌కు బట్టల దుకాణం ఉంది. భార్య కన్యక కౌంటర్ చూసుకుంటుంది. కొడుకు నవనీత్‌కు ఎనిమిదో నెల. మూడు వారాల్లో మూడుసార్లు విరేచనాలు. మూడోసారి, మొన్న మంగళవారం, పిల్లవాడి కళ్ళు గుంటలు పడ్డాయి. రెండు రోజులు సెలైన్ ఎక్కించారు. ఈ పొద్దున్నే డిశ్చార్జి. ఇంటికి రాగానే గేటు దగ్గర వాడకట్టంతా చూస్తుండగా కన్యక బాలవ్వ మీద పడింది. నాలుగు నెలలుగా పిల్లవాణ్ణి చూసేది బాలవ్వ. పాలసీసాలు కడిగి ఉడకబెట్టేదీ ఆమే.

"ఆయితారం గీమె రాదు. సీసాలు నేనే ఉడకబెడత. ఆయితారం తాగిన పాలతోని నా కొడుక్కు ఒక్కపారి గూడ ఏం గాలే. మూడుసార్లూ గీమె ఉన్ననాడే! ఇంక ఏం సాక్ష్యం గావాలె?"

సాక్ష్యం గట్టిదే. ఎస్తేర్ కాదనలేకపోయింది.

దవాఖానకు ఫోన్ చేసింది. డాక్టర్ తేల్చి చెప్పాడు. విషం కాదు. ఇన్ఫెక్షన్. సీసా శుభ్రంగా లేకనో, నీళ్ళు మంచివి కాకనో వచ్చింది.

"సూశిన్రా! చేతులు కడుక్కోదు, ఏం కడుక్కోదు. నా కొడుకును సంపుతుండె!" కన్యక గొంతు బజారు దాకా వినిపించింది.

బాలవ్వ తలెత్తింది. యాభై దాటిన మనిషి. ఊరు వేములఘాట్. ఆ ఊరు ఇప్పుడు రిజర్వాయర్ అడుగున ఉంది.

"ఊరు బోయింది, ఓర్చుకున్న. గీ మాట పడ్డంక ఈ పట్నంల నాకు పిల్లగాన్ని ఎవలిస్తరు మేడం? నేనెట్ల బతకాలె?"

అప్పుడు జరిగింది ఒక చిన్న విషయం. తల్లి ఒళ్ళో నీరసంగా పడున్న నవనీత్ ఆ గొంతు విన్నాడు. తల తిప్పాడు. రెండు చేతులూ బాలవ్వ వైపు చాచాడు.

కన్యక పిల్లవాణ్ణి విసురుగా రొమ్ముకు అదుముకుంది. వాడు ఏడ్చాడు. ఆమె ముఖంలో భయం లేదు. కోపం కూడా కాదు. ఇంకేదో ఉంది.

ఎస్తేర్ టోపీ తీసుకుంది. "నడువున్రి. ఇల్లు సూద్దాం."

1.30. వంటిల్లు. ముగ్గురినీ నిలబెట్టింది. భార్య, పిల్లవాణ్ణి ఎత్తుకున్న భర్త, బాలవ్వ. పక్కన కానిస్టేబుల్ చిరంజీవి.

"బాలవ్వా, మంగళారం ఏం జేశినవో జెప్పు. ఒక్క ముక్క ఇడువకు."

"ఏడున్నరకచ్చిన. చేతులు సబ్బుతోని కడుక్కున్న. సీసాలు, నిప్పిళ్ళు ఇడదీశి బ్రష్షుతోని రుద్దిన. గిన్నెల మునిగేటట్టు ఫిల్టర్ నీళ్ళు పోశి పొయ్యెక్కిచ్చిన. నీళ్ళు మరగబట్టినంక పది నిమిషాలు. చిమ్టాతోని పట్టి తీశి గా జాలీ బుట్టల బోర్లిచ్చిన."

"ఎన్నింటికి?"

"ఎనిమిదింబావుకు. లోపట చెయ్యి పెట్టలె. బట్టతోని తుడువలె. దవాఖాన నర్సమ్మ గట్లనే జెప్పింది. తర్వాత మిద్దె మీద బట్టలు పిండుకుంట గూసున్న."

"పాలు కలిపిందెవరు?"

"నేనే మేడం," అన్నాడు రాధాకిషన్. "తొమ్మిది నలభై. పోరడు ఏడుస్తుండు. ఫిల్టర్ నీళ్ళు కాగవెట్టి, సీసల పౌడర్ ఏశిన. ఏం జెప్పాలె, గోడలకంత అంటుకపోయింది. చెంచతోని గీకినా రాదు. సీసంత తడి. గంత సోయి లేకుంట పనిజేస్తది గీమె."

ఎస్తేర్ అతని వైపు తిరిగింది.

"మళ్ళ జెప్పు సేటు. తడి ఎంత?"

"ఎంతేంది? అడుగున నీళ్ళున్నయి."

"బాలవ్వా, ఒక సీస ఉడకబెట్టు. మొన్న జేశినట్టే. చిరంజీవీ, టైం రాస్కో."

2.05. సీసా బుట్టలో బోర్లా పడింది. బయట మే నెల ఎండ. కిటికీలోంచి వడగాలి.

2.40. ఎస్తేర్ సీసాను కాగితం చుట్టి పట్టుకుంది. పాలపొడి ఒక చెంచా వేసింది. వంచింది. పొడి మొత్తం జలజలా రాలింది. గోడకు ఒక్క రవ్వ అంటలేదు.

"ముప్పై అయిదు నిమిషాలల్ల ఎండింది," అంది ఎస్తేర్. "మంగళారం ఎనభై అయిదు నిమిషాలున్నది. మరి అడుగున నీళ్ళు ఎక్కడియి సేటు?"

రాధాకిషన్ వంగి సీసా లోపలికి చూశాడు.

"ఎవరో ఆ సీసను మళ్ళ కడిగిన్రు. ఉడికినంక కడిగిన్రు. ఎనిమిదింబావుకు, తొమ్మిది నలభైకి నడుమ వంటింట్ల ఎవరున్నరు? బాలవ్వ మిద్దె మీద. నువ్వు?"

"స్నానం, పూజ. తొమ్మిదిన్నర దాంక దేవునర్రలనే ఉన్న."

ఇంక మిగిలింది ఒక్కరే. కానీ ఎందుకు? కన్నతల్లి ఎందుకు చేస్తుంది?

ఎస్తేర్‌కు ఆ జవాబు ఏ ట్రైనింగ్‌లోనూ చెప్పలేదు. అది తన ఇంట్లోనే దొరికింది. నాలుగేళ్ళ కూతురు హర్షిణికి రోజూ పైనింటావిడ జడ వేస్తుంది. చక్కని జడ. ఒకరోజు డ్యూటీకి పోతూ పోతూ ఎస్తేర్ ఆ జడను విప్పి మళ్ళీ అల్లింది. వంకరగా వచ్చింది. పిల్ల ఏడ్చింది. అయినా అల్లింది. తన చేతిది కావాలని.

"కన్యకా," అంది నెమ్మదిగా. "ఎట్ల కడిగినవ్?"

కన్యక సింకు మీది కుళాయి వైపు చూసింది.

"గీ నల్ల కింద," అంది. "రోజు కడుగుత. నిప్పిల్‌ను నా చేతులతోని మంచిగ రుద్దుత. నా చేతి వాసన తగలాలె. సీస జూస్తె చాలు, వాడు గీమె కోసం దేవులాడుతడు. నా దిక్కు సూడడు. నేను కన్న. గీమెకు చేతులు జాపుతడు! పాలన్న నా చేతి వాసనతోని తాగాలె గద మేడం?"

"ఆయితారం?"

"ఆయితారం గీమె చెయ్యే తగలదు. నేనే ఉడకబెడత. మళ్ళెందుకు కడుగుత?"

అదీ సంగతి. ఆదివారం సాక్ష్యం నిజమే. అది చూపించిన మనిషే వేరు.

"గీ నల్లల నీళ్ళేడికెల్లి వస్తయి సేటు?"

"సంపుల కెల్లి."

చిరంజీవి పెరట్లో సంపు మూత లేపాడు. ముక్కు మూసుకున్నాడు. మురిక్కాలవ పైపు పగిలి సంపు గోడలోకి చెమ్మ దిగుతోంది. నీటి మీద పచ్చటి నాచు తెట్టు. మంచి నీళ్ళలో పది నిమిషాలు ఉడికిన సీసాను తల్లి రోజూ తెచ్చి ఇందులో ముంచినట్టే. ఆ మీద దుకాణం నోట్లు లెక్కపెట్టే వేళ్ళతో రుద్దినట్టు.

కన్యక గోడ పట్టుకుని కూలబడింది. "నేనేనా? నా కొడుకును నేనేనా?"

రాధాకిషన్ గొంతు తగ్గించాడు. "ఇంటి ముచ్చట మేడం. ఇక్కడికి ఇడిశిపెడుదం. బాలవ్వా, నువ్వు రేపటి సంది మామూలుగ రా."

"ఇంటి ముచ్చటనా?" ఎస్తేర్ భగ్గుమంది. "స్టేషన్‌కచ్చి లోపలెయ్యున్రి అన్ననాడు ఇంటి ముచ్చట గాదా? తెల్వక కడిగితె తప్పు. కడిగింది దాశి ఇంకో మనిషి మెడకు సుట్టుడు? గది నేరం. ఏం గావాల్నో నువ్వే జెప్పు బాలవ్వా."

బాలవ్వ ముందుగా పిల్లవాణ్ణి చూసింది. చేతులు చాచలేదు.

"సేటూ, సంపు సాయంత్రంలోగ కడిగియ్యాలె. పైపు బాగుజేపియ్యాలె. అప్పటిదాంక ఆ నల్ల నీళ్ళు పోరని మూతికి తాకొద్దు. బిడ్డా, సీస నువ్వే ఉడకబెట్టు, నువ్వే తాపు, నేనొద్దనలే. ఉడికినంక మాత్రం లోపట చెయ్యి పెట్టకు."

కొంగు నడుముకు బిగించింది.

"గదంత తర్వాత. పొద్దుగాల వాడకట్టంత గేటు కాడ నిలవడి జూస్తుంటె నన్ను విషం పెట్టినదాన్నన్నవు. వాళ్ళంత ఇండ్లల్లనే ఉన్నరు. లే. గేటు కాడికి నడువు. గా నోటితోనే, గంత గట్టిగనే, సీస కడిగింది నేనని జెప్పు. రేపు గాదు. ఇప్పుడే."