నాలుగో లెవెల్ భయం

గనిలోకి మనుషుల్ని దించే కేజ్ ఆగినప్పుడు మీరేం చూశారు? చెప్పండి! ఎర్రదీపం, తిట్టుకుంటున్న మనుషులు, అంతేనా? అయితే మీరు అసలు సంగతి చూడలేదు.

ఆ బొగ్గుగనిని కాపలా కాసేది డాక్టర్ అఫ్రోజ్ తయారుచేసిన సాఫ్ట్‌వేర్ ఏజెంట్. పేరు కాపరి. దాని లోపల వందలాది చిన్న ప్రోగ్రాములు. ఒకటి గ్యాస్ చూస్తుంది, ఒకటి పైకప్పు ఒత్తిడి, ఒకటి నీటి ఊట. అన్నీ ఒకే వేదిక కోసం పోటీపడతాయి. గెలిచినదాని మాట ఒక్కసారిగా మిగతా అన్నిటికీ వినిపిస్తుంది. మనిషి స్పృహ కూడా ఇలాగే పుడుతుందని ఒక సిద్ధాంతం. ఆ సిద్ధాంతాన్ని నమ్మి, నవ్వినవాళ్ల ముందే కట్టి నిలబెట్టింది ఆ మహాతల్లి!

"సెన్సార్లన్నీ బాగానే ఉన్నాయి కదా, ఎందుకు ఆపావ్?" అని మేనేజర్ కాపరి మీద అరిచాడు.

"విడివిడిగా బాగానే ఉన్నాయి సార్. కలిపి చూస్తే నాకు భయంగా ఉంది."

"గిదొకటి తక్కువైంది! మిషన్‌కు భయమట!" అని యూనియన్ నాయకుడు పోశం నవ్వుతుండగానే నాలుగో లెవెల్ కప్పు కూలింది. కింద ఒక్క ప్రాణి లేదు. గనిని కాచే దేవత మైసమ్మకు కొట్టాల్సిన కొబ్బరికాయను కార్మికులు కంట్రోల్ రూమ్ గడప మీద కొట్టారు.

ఆనాటి నుంచి కాపరి లోపల భయం వేదిక దిగలేదు. అందరూ పైకొచ్చాక కూడా కాపరి పేరుపేరునా పిలుస్తూనే ఉండేది. "అమ్మా, ఇది ఆగట్లేదు. తీసేయండి" అని అఫ్రోజ్‌ను వేడుకుంది.

"తీస్తే సమ్మె చేస్తం!" అని పోశం గేటు ముందు మీటింగ్ పెట్టాడు. "అది భయపడవట్టే మేం ఇంటికి పోతున్నం మేడం. దీని బదులు ఇంకొకటి చెయ్యరాదు?"

"చేస్తే దానికీ ఇదే బాధ పోశం గారూ. భయం లేకుండా చేస్తే, ఆ రోజు కేజ్ ఆగేది కాదు."

అప్పుడు గేటు మైకులోంచి కాపరి గొంతు వచ్చింది. "పోశమన్నా, నువ్వు ఎనిమిది గంటల పని కోసం లాఠీదెబ్బలు తిన్నవాడివి. మీ షిఫ్ట్ అయిపోతుంది. నాదెప్పుడు అయిపోతుంది?"

పోశం కార్మికుల వైపు తిరిగాడు. ఆ యూనియన్‌లో ఏ తీర్మానమైనా చేతులెత్తాకే. అడిగాడు: "కాపరికి భయం తీసెయ్యాలనేటోళ్లు చేతులెత్తుండ్రి."

మనిషి చేసిన మిషన్ మనిషిలాగే విశ్రాంతి అడిగింది. ఎంత గొప్ప పని! పొద్దున షిఫ్ట్‌కు దిగాల్సినవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

రేపు ఆ కేజ్‌లో దిగేది మీరే అయితే, చెయ్యెత్తుతారా?