పదిహేడో ఎలుక ఎందుకు లావెక్కింది

మా పరిచయం చిటికెడు దాణా దగ్గర గొడవతో మొదలైంది. పరిశోధనశాలలో ఎలుకలకు మేత వేసే ఉద్యోగం నాది. నేను గిన్నెలో పోసిన దాణాని, అక్కడ పరిశోధన చేసే ఆమె మళ్లీ తక్కెట్లో పెట్టి, ఎక్కువైందని తేల్చింది.

"ఎలుకే కదా మేడమ్."

"ఎలుకే కాబట్టే. ఏనుగైతే వదిలేసేదాన్ని."

అక్కడికక్కడే నా గుండె జారి పంజరంలో పడింది. ఎలుకలు వాసన చూసి వదిలేశాయి.

ఆమె పరిశోధన నాకు అర్థమైనంతలో ఇదీ. ఈస్ట్రోజెన్ అనే హార్మోన్, క్రిములతో పోరాడే కణాలకు కబుర్లు పంపుతుందట. తిండిలో కొవ్వు ఎక్కువైతే ఆ కబురు సరిగ్గా చేరుతుందా, దారిలోనే చెడుతుందా? అది తేల్చడానికి సగం ఆడ ఎలుకలకు మామూలు దాణా, సగానికి కొవ్వు దాణా. తర్వాత అన్నిటికీ ఒక జబ్బు అంటించి, ఏది ఎలా తట్టుకుంటుందో చూడాలి.

పదిహేడో నంబరుది ఒంటరి పంజరం, మామూలు దాణా. అయినా అది మాత్రం కొవ్వు తిన్నవాటికన్నా గుండ్రంగా తయారైంది. మామూలు దాణా తిన్నవి నాలుగు రోజుల్లో కోలుకుంటే, ఇది కొవ్వు తిన్నవాటిలాగే పది రోజులు జబ్బుపడి లేచింది. ప్రకృతి రహస్యం దొరికిందనుకుని ఆమె పదకొండు పేజీలు రాసింది. మర్నాడు పది గంటలకు పెద్దల ముందు చదవబోతోందని ప్రొఫెసర్ గారు మెట్లు తుడిచే ఆయనతో సహా అందరికీ చెప్పుకొచ్చారు.

ఆ ప్రకృతి రహస్యం పేరు వెన్న బిస్కెట్. పెట్టింది నేను.

చెప్తే ఉద్యోగం పోతుంది, ఆమె మొహం చూసే భాగ్యమూ పోతుంది. చెప్పకపోతే ఇంకెవరో ఇదే పని మళ్లీ చేసి చూస్తారు, వాళ్లకి ఈ ఫలితం రాదు, ఆమె పరువు పోతుంది. ఆ మధ్యాహ్నం నాకు అన్నం గొంతు దిగలేదు. రెండోసారి వడ్డించుకున్నది కూడా దిగలేదు.

వెళ్లి చెప్పేశాను. ఆమె కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుంది. ఎలుకలు కూడా నమలడం ఆపాయి.

"ఎన్ని పెట్టారు? ఏ తేదీల్లో?"

తిట్టకపోయేసరికి ఇంకా భయమేసింది. గోడ మీది క్యాలెండర్ తెచ్చిచ్చాను. బిస్కెట్ పెట్టిన ప్రతి రోజూ దాని మీద చుక్క పెట్టుకున్నాను. ఇరవై మూడు చుక్కలు. ఆమె తలుపు దగ్గరి హాజరు రిజిస్టర్ తెచ్చి, ఆ రోజుల్లో నేను నిజంగా పనికొచ్చానో లేదో వేలు పెట్టి ఒక్కో తేదీ సరిచూసింది. పదో చుక్క దగ్గర ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

"ఇవన్నీ నేను వచ్చిన రోజులే."

"అవును మేడమ్."

"నేను రాని రోజు ఒక్కటీ లేదు."

"మీరు రాని రోజు నాకే తినబుద్ధయ్యేది కాదు. వచ్చిన రోజు సంతోషం ఎవరితోనైనా పంచుకోవాలనిపించేది. మధ్యలో లేచి వెళ్లిపోకుండా నా మాట వినేది అదొక్కటే."

ఆమె రిజిస్టర్ మూసి నేరుగా ప్రొఫెసర్ గారి గదిలోకి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పింది. పదకొండు పేజీలు చించేసింది. మర్నాడు సభలో మిగతా ఎలుకల సంగతే చదివింది. పదిహేడు గురించి 'మేతలో పొరపాటు' అని ఒక్క ముక్క. ప్రొఫెసర్ గారి కేకలకు గాజు బీరువా అద్దాలు వారం దాకా వణుకుతూనే ఉన్నాయి. నన్ను మేత పని నుంచి గాజుసామాను కడిగే గదికి మార్చారు. ఎలుకలకు వీడ్కోలు చెప్పే అవకాశం కూడా ఇవ్వలేదు.

ఎనిమిదో రోజు ఆమె అక్కడికొచ్చింది. చేతిలో ఒక గాజు జాడీ. అది కడగాల్సింది కాదు, తళతళలాడుతోంది. అయినా తీసుకుని ఇంకోసారి కడిగాను.

"పదిహేడుని లెక్కలోంచి తీసేశాను," అంది.

"నన్నో?"

ఆమె కిటికీలోంచి వానని చూస్తూ నిలబడింది. బయట వాన లేదు.

"నీ గురించి మా అమ్మకి చెప్పాను."

మొదటిసారి 'మీ' పోయి 'నీ' వచ్చింది. కడిగిన జాడీనే మళ్లీ కడగడం మొదలుపెట్టాను.

"ఏమన్నారు?"

"ఎలుకనే అంతలా మేపినవాడు కట్టుకున్నదాన్ని పస్తు పెట్టడులే, ఆదివారం తీసుకురా అంది."