వ్రబీన్ పొలిమేర రాయి

వ్రబీన్, మోఖ్నా అనే రెండు ఊళ్ల మధ్య, చెరువు అవతల, ఒక పొలిమేర రాయి ఉంది. చీకటి పడ్డాక అటు ఎవరూ వెళ్లరు. నిప్పులా కాలే రాయిని గుండెలకి హత్తుకుని ఒక దెయ్యం అక్కడ తిరుగుతుందట. ఎదురుపడ్డవాణ్ణల్లా ఒకటే అడుగుతుందట— "ఇదెక్కడ పెట్టను?"

హద్దురాయి జరిపినవాడికి చచ్చాక పట్టే గతి అది. "తెచ్చిన చోటే పెట్టు" అని ఎవరైనా ఒక్కమాట అంటే చాలు, దానికి విముక్తి. ఆ సంగతి వ్రబీన్‌లో చంటిపిల్లలకి తప్ప అందరికీ తెలుసు. అయినా నూరేళ్లుగా ఒక్కరూ అనలేదు. రాయి జరిపింది మోఖ్నా పిండిమర వాడని తాతల నాటి మాట; ఊరి పుస్తకంలోనూ అదే రాసి ఉంది మరి. "దెయ్యం వాళ్లది, మనకెందుకు?" అనేవారు.

ఊరి పుస్తకమంటే అల్లాటప్పా పుస్తకం కాదు. చక్రవర్తి పోయి రిపబ్లిక్ వచ్చాక ప్రతి ఊరూ తన చరిత్ర రాసుకోవాలని చట్టం చేశారు. వ్రబీన్‌కి ఉన్నవి నలభై ఒక్క ఇళ్లు, ఒక గుట్ట, ఒక చేపల చెరువు, ఒక బీరు కొట్టు. చరిత్ర మాత్రం మూడు వందల పేజీలు. రాసింది రిటైరైన మేష్టారు వెండెలీన్. అందులో డెబ్భై పేజీలు ఆయన ముత్తాత మతౌష్ గురించే. మతౌష్ సత్యసంధుడు. మతౌష్ ఊరికి చెరువు సంపాదించాడు. మతౌష్‌ది చక్రవర్తుల ముక్కు. మేష్టారిదీ అదే ముక్కని వేరే చెప్పాలా?

ఆ అక్టోబరులో జిల్లా నుంచి కొలతల వాళ్లు వస్తున్నారని కబురొచ్చింది. రేపు పొద్దున రాయి ఎక్కడుంటే అదే శాశ్వతంగా హద్దు.

"మోఖ్నా వాళ్లు రాత్రికి రాత్రే జరిపేస్తారు. కాపలా ఉండాలి," అన్నాడు గ్రామపెద్ద స్క్రివానెక్, మీసాల మీది నురుగు తుడుచుకుంటూ.

బీరు కొట్టులో ఒకడికి నడుం పట్టేసింది. ఇంకొకడి ఆవు ఈనబోతోంది. గ్రామపెద్దకి ఉన్నట్టుండి జ్వరం తగిలింది.

"చరిత్ర రాసింది మీరు మేష్టారూ. కాపాడటం కూడా మీకే అందం," అన్నాడు గ్రామపెద్ద.

పొగిడితే చాలు, మేష్టారు ఎప్పుడూ పడిపోతారు. ఆ రోజూ పడిపోయారు.

మేష్టారు రాయి పక్కన కాపలా కూర్చున్నారు. రాత్రి పదకొండు దాటింది. రొట్టె అయిపోయింది, రేగుపళ్ల సారా సగం అయింది. చెరువు మీద పొగమంచు లేచింది... కప్పల అరుపు ఠక్కున ఆగిపోయింది.

గట్టు మీద ఎర్రగా ఒక వెలుగు.

అది దగ్గరికొస్తోంది. పక్కన ఉండాల్సిన రాయి కోసం మేష్టారు చెయ్యి చాపారు— గుంత తగిలింది. రాయి లేదు.

"ఇదెక్కడ... పెట్టను?"

ముప్ఫై ఏళ్ల మేష్టరీ. ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పకపోతే ఆయన ప్రాణం ఊరుకోదు. భయంతో పళ్లు టకటకలాడుతుండగానే అనేశారు:

"తెచ్చిన చోటే పెట్టు!"

దెయ్యం బరువుగా నిట్టూర్చింది. ఇక మోఖ్నా వైపు పోతుందనుకున్నారు. అది తిన్నగా వ్రబీన్ వైపు తిరిగింది.

పక్కనుంచి పోతూ ఆగింది. రాయి వెలుగులో దాని ముక్కు కనిపించింది. పుస్తకం మొదటి పేజీలో మతౌష్ బొమ్మకున్న ముక్కే.

"బతికించావురా మునిమనవడా," అంది గుసగుసగా.

చెరువు దాటింది. బీరు కొట్టు కూడా దాటింది. ఆ వెనక ధబ్బున చప్పుడయింది. వెలుగు ఆరిపోయింది.

మేష్టారు పరుగెత్తి గ్రామపెద్దని లేపారు. ఇద్దరూ కొట్టు వెనక రాయి ముందు నిలబడ్డారు.

"అంటే చెరువు మోఖ్నాదా?"

"ఊఁ."

"ఈ కొట్టు కూడానా?" గ్రామపెద్ద కొట్టు గోడకి చేరగిలబడ్డాడు. పెళ్లాం పోయినప్పుడు కూడా ఆయన అంత కుదేలవలేదు. "మేష్టారూ, తెల్లారేలోగా దీన్ని మళ్లీ అక్కడికి చేర్చండి. చూసింది మీరొక్కరే. మీ ముత్తాత పరువు చూసుకోండి."

మేష్టారు డెబ్భై పేజీలు తలుచుకున్నారు. నిజం చెబితే అవన్నీ కొట్టేయాలి. వంగి రాయికి చేతులు వేశారు. ఎనిమిదిమంది మొయ్యాల్సిన రాయి... రొట్టెలా తేలిగ్గా లేచింది. రొట్టెలాగే వెచ్చగా ఉంది.

గుంత దగ్గరికి చేరేసరికి కాలుతోంది. దింపబోయారు. చేతులు విడిపడలేదు.

అప్పుడే మోఖ్నా మంత్రసాని ఓతీలియా ఎక్కడో పురుడు పోసి సైకిలు మీద వస్తోంది. మేష్టారికి ప్రాణం లేచొచ్చింది. "సాయం పట్టమ్మా" అనబోయారు. నోట్లోంచి వచ్చింది మాత్రం—

"ఇదెక్కడ... పెట్టను?"

ఓతీలియా దీపం ఎత్తింది. రాయిని చూసింది. ఖాళీ గుంతని చూసింది. బీరు కొట్టు వైపు నుంచి పడ్డ అడుగులూ చూసింది. జవాబు ఆమెకీ తెలుసు.

"నూరేళ్లు మా పిండిమర తాతని ఆడిపోసుకున్నారు కదండీ," అంది మెల్లగా. "ఈ దెయ్యం మీ ఊరిదేగా మేష్టారూ, మాకెందుకు?"

సైకిలెక్కి వెళ్లిపోయింది.

పొద్దున కొలతల వాళ్లు వచ్చేసరికి రాయీ లేదు, మేష్టారూ లేరు. గుంతనే హద్దుగా రాసుకుని పోయారు. వ్రబీన్‌కి చెరువు దక్కింది, బీరు కొట్టు దక్కింది. ఆ సాయంత్రం అక్కడే కూర్చుని గ్రామపెద్ద ఊరి పుస్తకంలో కొత్త పేజీ రాశాడు:

"పొలిమేర దగ్గర మళ్లీ దెయ్యం తిరుగుతోంది. ముక్కుని బట్టి చూస్తే మోఖ్నా వాడే."