జెల్లీ లేజరు

"మీకు కలిగిన దుఃఖానికి నా సానుభూతి," అన్నాడు యాంగస్, స్క్రూడ్రైవరు బల్లమీద పెట్టి, తల వంచి.

దులిపేద్దామని దారిపొడుగునా మాటలు కూర్చుకుంటూ వచ్చిన బ్రాన్విన్‌కి అవన్నీ ఒక్క దెబ్బకి ఎగిరిపోయాయి. "ఏ దుఃఖం?"

"మీ నానమ్మ డల్సీ గారు... పోయారు కదా. మీరు నల్లబట్టల్లో..."

"మా నానమ్మ గుండ్రాయిలా ఉంది! ఇంట్లో కూచుని నిన్ను తిడుతోంది. ఇది నలుపు కాదు, నీలం. ముందు ఆ కళ్ళజోడు తియ్యి!"

యాంగస్ నారింజరంగు కళ్ళజోడు తీశాడు. లేజరు కంట్లో పడకుండా కాపాడే ఆ అద్దాలు నీలాన్నీ ఆకుపచ్చనీ కూడా మింగేస్తాయి. అవి తియ్యగానే గౌను నీలమైంది, అతని ముఖం ఎర్రనైంది.

హ్యూఆన్ లోయలోని ఆ ఊళ్ళో మగవాళ్ళ షెడ్డు ఒకటుంది. రిటైరైన పెద్దమనుషులు అక్కడ చేరి కుర్చీలూ, పక్షిగూళ్ళూ చేస్తూ, టీ తాగుతూ, ఎవరి మోకాలి నొప్పి గొప్పదో తేల్చుకుంటూ ఉంటారు. ముప్పై ఏళ్ళకే షెడ్డుకెళ్ళిన మనిషి మాత్రం యాంగస్ ఒక్కడే. వృత్తి ఫ్రిజ్జుల రిపేరు, ప్రవృత్తి లేజర్ల తయారు. అతని యంత్రం పనిచేస్తుంటే పక్కనున్నవాళ్ళు లేచి జరగాలి కాబట్టి, "లే, జరుగు" అన్నదే లేజరు అయిందని షెడ్డు పెద్దల నమ్మకం.

"నీ డబ్బా టప్‌మన్నప్పుడల్లా మా రేడియో గరగరమంటోంది," అంది బ్రాన్విన్. "పొద్దున ఆటలో వికెట్ పడింది. ఎవరిదో వినపడలేదు. ఇప్పుడు నానమ్మ నీ వికెట్ తీస్తానంటోంది."

"శనివారం దాకా ఓర్చుకోమనండి. ఆ రోజు ఊరి షోలో ఇది వెలగాలి. వెలిగినా, దేనికి పనికొస్తుందో చెప్పకపోతే సోమవారానికల్లా ఊడబీకి పట్టుకుపొమ్మన్నాడు మెర్విన్." మెర్విన్ షెడ్డుకి అధ్యక్షుడు. "ఇంటికి పట్టుకుపోదామంటే నాది ఒంటిగది కాపురం. మంచం పడితే మనిషి పట్టడు."

బ్రాన్విన్ చూపు బల్లమీది పళ్ళెంలో పడింది. "ఆ మురికేంటి?"

"మురికి కాదండీ, జెల్లీ. కంటికి కనపడని కిరణం ఈ డబ్బాలో పుడుతుంది. రంగు కలిపిన జెల్లీకి తగిలితే ఆకుపచ్చగా బయటికొస్తుంది. రావాలి. రావట్లేదు."

ఊరివాళ్ళు ఏటా తాము పండించినవీ చేసినవీ పోటీకి పెట్టే ఆ షోలో, పళ్ళ జెల్లీలకి మూడేళ్ళుగా మొదటి బహుమతి బ్రాన్విన్‌దే. సీసాని వెలుతురుకెత్తి పట్టుకుంటే అవతలున్న జడ్జి ముక్కుమీది పుట్టుమచ్చ కనపడాలి. అదీ ఆవిడ లెక్క.

"ఇన్ని బుడగలుంటే కిరణం కాదు, కిరసనాయిలు కూడా రాదు. ఎలా కలిపావు?"

"డ్రిల్లుతో."

"దేంతో?"

"డ్రిల్లు. కొసకి గరిటె బిగించి. నిమిషానికి పదిహేను వందల చుట్లు."

బ్రాన్విన్ గుండెమీద చెయ్యేసుకుంది.

"తర్వాత త్వరగా గట్టిపడాలని ఫ్రీజర్లో..."

"చంపి, ఐసులో పెట్టావన్నమాట! జెల్లీ రానివాడివి, నీకు జెల్ల కొట్టాలి. రేపు ఆట ఆగాక వస్తాను. అందాకా నువ్వు డబ్బా పేల్చకూడదు, డ్రిల్లు ముట్టుకోకూడదు."

మర్నాడు, మంగళవారం, బ్రాన్విన్ వచ్చింది. సన్నటి సెగ పెట్టించింది. నెమ్మదిగా కలిపించింది.

"ఇప్పుడేం చెయ్యాలండీ?"

"ఏమీ చెయ్యకూడదు. బుడగలు వాటంతటవే పైకి రావాలి."

"ఎంతసేపు?"

"వచ్చేదాకా. నోర్మూసుకుని కూచోవడం చేతకాకే మగాళ్ళకి జెల్లీ రాదు."

గిన్నెకి చెరోపక్క కూచున్నారు. రేకుల మీద వాన మొదలైంది. యాంగస్ కాసేపు బుడగల్ని చూశాడు, కాసేపు బ్రాన్విన్‌ని చూశాడు, ఆ తర్వాత బుడగల సంగతి మరిచిపోయాడు. కాంతి కోసం కూచున్నవాడికి కాంత కనపడుతుంటే గిన్నెలోకి చూసేదెవరు?

బుధవారం జెల్లీ తేటగా వచ్చింది, నట్టనడుమ ఒక దోమతో సహా. గురువారం దోమ లేకుండా వచ్చింది. కానీ బ్రాన్విన్ నవ్వితే చూద్దామని తిరిగిన యాంగస్ మోచెయ్యి తగిలి నేలపాలైంది. శుక్రవారం వచ్చింది చూడండి, అదీ జెల్లీ! పళ్ళెంలో ఉందో లేదో తడిమితేగాని తెలియదు.

"అయితే, ఇంక నాతో పని లేదన్నమాట," అంది బ్రాన్విన్, చేతులు తుడుచుకుంటూ.

యాంగస్ మర్యాదస్తుడు. "లేదండీ, లేదు! ఇంక మీకే శ్రమా ఉండదు. చాలా థాంక్స్!"

బ్రాన్విన్ గొడుగు తీసుకుని వెళ్ళిపోయింది. తలుపు మూసుకున్నాక గానీ యాంగస్‌కి తనేమన్నాడో వినపడలేదు.

శనివారం షో హాల్లో జనం కిటకిటలాడారు. ప్లాస్టిక్ తెర వెనక యంత్రం టప్‌మంది. తెల్ల అట్టమీద ఆకుపచ్చటి చుక్క తళుక్కుమంది. "ఓహో!" అన్నారందరూ. బ్రాన్విన్ మాత్రం అవతల పళ్ళ జెల్లీల బల్ల దగ్గర ఇటు వీపు పెట్టి, సర్దిన సీసాలనే మళ్ళీ సర్దుతోంది.

"బాగానే ఉందిరా అబ్బాయ్," అన్నాడు మెర్విన్. "కుర్చీ చేస్తే మనిషి కూచుంటాడు. గూడు చేస్తే పక్షి కూచుంటుంది. ఇది దేనికి?"

యాంగస్ జేబులో ఆ ప్రశ్నకి రాసుకొచ్చిన జవాబు రెండు పేజీలుంది. చెయ్యి జేబు దాకా వెళ్ళి ఆగిపోయింది.

"దేనికీ కాదు మెర్విన్. దీని పుణ్యమా అని నాలుగు సాయంత్రాలు బ్రాన్విన్ నా ఎదురుగా కూచుంది. అంతే. నిన్న, ఇంక నాతో పని లేదా అని అడిగితే లేదన్నాను. నా అంత వెధవ ఈ లోయలో లేడు. జెల్లీతో పని అయిపోయింది. తనతో అవలేదు, అయ్యేది కూడా కాదు. యంత్రం కావాలంటే ఇప్పుడే పీకేస్తాను."

జనం తలలన్నీ జెల్లీల బల్ల వైపు తిరిగాయి.

"ఏమే అమ్మాయ్," అంది డల్సీ నానమ్మ, వీల్‌చైర్లోంచి, "నాకే వినపడితే నీకు వినపడలేదంటే నేను నమ్మను." ఆ వెంటనే అధ్యక్షుడి వైపు తిరిగింది. "ఒరే మెర్విన్, నలభయ్యేళ్ళుగా కుర్చీలు చేస్తున్నావు. ఒక్క సంబంధమైనా కుదిర్చావా? ఆ యంత్రాన్ని ఉండనీ!"

మెర్విన్ షెడ్డు కమిటీ వైపు చూశాడు. కమిటీ నానమ్మ వైపు చూసింది. అయిదు చేతులూ ఒకేసారి లేచాయి.

అప్పటికి బ్రాన్విన్ సీసాలు వదిలేసి వచ్చి యాంగస్ ముందు నిలబడి ఉంది.

"రేపు ఆదివారం. నన్నెక్కడికి తీసుకెళ్తున్నావు?"

"నది మీదికి. పడవలో."

"ఆ పడవ కూడా నువ్వు చేసిందేనా?"

"అవును."

బ్రాన్విన్ అతన్ని ఆపాదమస్తకం ఓసారి చూసింది.

"సరేలే," అంది చెయ్యి పట్టుకుని, "నాకు ఈతొచ్చు."