దొర సీట్లో సిద్దిరాములు

"తల ఎత్తు!"

సిద్దిరాములు ఎత్తలేదు.

"ఎత్తుమన్ననా! దించాల్సింది వాళ్లు... నువ్వు గాదు!"

రివాల్వరు గొట్టం పక్కకి తిరిగింది. ముందు సీటు ముందర, కాళ్లు పెట్టుకునే చోట, టార్పాలిన్ కప్పిన మనిషి వైపు.

సిద్దిరాములు చటుక్కున తల ఎత్తాడు!

మిట్టమధ్యాహ్నం. సుల్తానాబాద్ రోడ్డు. టాపు దించిన పాత బ్యూక్ కారు దుమ్ము రేపుకుంటూ దూసుకుపోతోంది. నడుపుతున్నవాడు మధుకర్. ఒంటి మీద ఖాకీ కోటు, నెత్తిన ఖాకీ టోపీ. రెండూ సిద్దిరాములువే.

వెనక, దొర సీట్లో, దొర నల్ల షేర్వాణీలో, దొర నల్ల కళ్లద్దాల్లో... డ్రైవర్ సిద్దిరాములు!

ఇరవై రెండేళ్ల నుంచీ ఈ కారు డ్రైవరు తనే. ఈ సీట్లో ఒక్కనాడూ కూర్చోలేదు. తుడిచేటప్పుడు కూడా మోకాలు ఆనించకుండా తుడిచిన మనిషి. ఇవాళ కూర్చున్నాడు. చేతులు వెనక్కి విరిచి కట్టి ఉన్నాయి. పాదాలు కింది కమ్మీకి బిగించి ఉన్నాయి. ఒళ్లో శాలువా. చూసేవాళ్లకి దొర దర్జాగా షికారుకి బయల్దేరినట్టే ఉంటుంది.

చూస్తే కదా!

"ఒక్క మాట బయటికి వచ్చిందా..." మధుకర్ వెనక్కి తిరగకుండానే అన్నాడు. "నీ దోస్తు లచ్చయ్య ఖతం. సమజైందా?"

"సమజైంది సార్... ఆడు బతికే ఉన్నడా సార్?"

"జిందా హై. నువ్వు సప్పుడు చెయ్యనంత సేపు ఉంటడు."

టార్పాలిన్ కింద నుంచి మూలుగు.

"సిద్దిగా... మంచినీళ్లు..."

లచ్చయ్య దొర బంగళా గడికి కావలివాడు. పదిహేనేళ్లుగా ఇద్దరూ ఒకే చుట్ట పంచుకుని కాల్చారు. పొద్దున గడి దర్వాజా తియ్యనన్నందుకు, కారు స్టార్ట్ చేసే ఇనప హ్యాండిల్‌తో వాడి తల పగలగొట్టాడు మధుకర్.

వాడికి తొందరగా ఆస్పత్రి కావాలి. కరీంనగర్ వెనక పడిపోయింది. కారు ఉత్తరానికి పోతోంది. గోదావరి దాటి, ఆదిలాబాద్ అడవులు దాటి, సరిహద్దు అవతల చాందాకి, అమ్మడానికి!

తప్పు ఎవరిది?

తనదే! నూటికి నూరుపాళ్లు తనదే!

పోలీసు యాక్షన్ జరిగిన మర్నాడే దొర హైదరాబాద్ చెక్కేశాడు. కారు గడిలో మిగిలిపోయింది. నాలుగేళ్లు. జీతం లేదు, అడిగే నాథుడు లేడు. అయినా ప్రతి శనివారం సిద్దిరాములు కొట్టంలో గడ్డి చాటున దాచిన కారు మీద గుడ్డ తీసేవాడు. ఇంజన్ తిప్పేవాడు. ఇత్తడి లైట్లు చింతపండుతో తోమేవాడు. తోలు సీట్లకి కొబ్బరినూనె పట్టించేవాడు. ఇంటి పెంకులు ఎగిరిపోయినా పట్టలేదు కానీ, కారు రంగు మీద గీత పడితే రెండు రోజులు అన్నం మానేశాడు. ఊరంతా పిచ్చోడంది.

మూడు రోజుల కిందట, పాత కార్లు చూస్తూ తిరుగుతున్నానంటూ మధుకర్ వచ్చాడు. కారుని చూశాడు. చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చాడు!

"ఇరవై తొమ్మిది మోడల్... ఆరు సిలిండర్లు... క్యా బాత్ హై!" అంటూ బానెట్ మీద చెయ్యి వేశాడు. పసిబిడ్డ నుదురు నిమిరినట్టు నిమిరాడు.

అంతే. సిద్దిరాములు కరిగిపోయాడు! ఇన్నేళ్లకి తన పిచ్చి అర్థమైన మనిషి దొరికాడు. మూడు రోజులు నోటికి తాళం లేదు. సెకండ్ గేర్ ఎలా పడుతుందో చెప్పాడు. ఎండకి పెట్రోల్ పైపు మీద తడిగుడ్డ ఎందుకు చుట్టాలో చెప్పాడు. అక్కడితో ఆగినా బాగుండేది. గొప్పకి పోయి ఇంకో మాట కూడా అన్నాడు.

"దొర కూసుంటే గీ కారు దిక్కు కన్నెత్తి సూసే మొగోడు జిల్లాల లేడు సార్! మన్నెత్తుకొమ్మన్నా ఎత్తుకుంటరు గని, తల మాత్రం ఎత్తరు!"

మధుకర్ నవ్వాడు. ఇవాళ ఆ మాటనే వాడుకుంటున్నాడు. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే.

ముందు మలుపులో ఎవరో ఆడమనిషి. నెత్తిన గడ్డిమోపు.

సిద్దిరాములు ముందుకి వంగబోయాడు. కట్లు ఆపాయి.

శంకరవ్వ!

తన భార్య!

కారు చప్పుడు విని ఆమె ఉలిక్కిపడింది. దొర వచ్చిండు! గడ్డిమోపు దించేసింది. చెప్పులు విడిచి చేత పట్టుకుంది. కొంగు ముఖం మీదికి లాక్కుని, రోడ్డుకి వీపు పెట్టి, ముళ్ల కంచె వైపు తిరిగి నిలబడింది.

'శంకరీ... నేనే! ఒక్కసారి సూడే!'

కారు ఆమె పక్క నుంచే పోతోంది. చెయ్యి చాపితే అందేంత దూరం. ఆమె మెడ మీద చెమట కూడా కనిపిస్తోంది.

ఆమె చూడలేదు. ఎలా చూస్తుంది? పెళ్లైన కొత్తలో తనే కదా నేర్పాడు. 'దొర కారొస్తే మొఖం తిప్పుకో. కన్నెత్తినవో, మన బతుకు ఆగమైతది.'

దుమ్ములో ఆమె కలిసిపోయింది. నల్లద్దాల వెనక సిద్దిరాములు ఏడుస్తున్నాడు. తుడుచుకోవడానికి చెయ్యి కూడా లేదు.

పెద్దపల్లి పొలిమేర.

అడ్డంగా కట్టె! పోలీసు చౌకీ!

'దేవుడున్నడు! కొండగట్టు అంజన్న ఉన్నడు!'

జవాను బయటికి వచ్చాడు. సర్కారు మారింది. ఎలక్షన్లు కూడా అయ్యాయి. వీడు కొత్త సర్కారు జవాను. వీడెందుకు భయపడతాడు? ఆపుతాడు. కాగితాలు అడుగుతాడు. అడగాల్సిందే!

మధుకర్ బూర నొక్కాడు.

పోం... పోం...!

జవాను తెల్లబోయాడు. ఆ బూర చప్పుడు వాడు పుట్టినప్పటి నుంచీ వింటున్నాడు కాబోలు. మడమలు ఠక్కున కలిశాయి. చెయ్యి నుదుటికి పోయింది. కళ్లు మాత్రం నేలమీదే!

సిద్దిరాములు తల ఊపాడు. గొంతులో 'ఊ... ఊ...' అన్నాడు. ముందు సీట్లో రివాల్వరు క్లిక్‌మంది.

ఠక్కున ఆగిపోయాడు.

కట్టె లేచింది.

"శాబాష్!" మధుకర్ పగలబడి నవ్వాడు. "నువ్వు చెప్పింది బిల్కుల్ కరెక్ట్ సిద్దిరాములూ!"

గేర్ మార్చాడు. సెకండ్ గేర్. క్లచ్ రెండుసార్లు తొక్కి, వెన్నలో కత్తి దించినట్టు వేశాడు. ఎక్కడా కిర్రుమనలేదు. సిద్దిరాములుకి ఒళ్లు మండింది. అంత మంటలోనూ 'ఎంత బాగ వేసిండు!' అని మనసు అననే అంది. ఆ మనసుని చెప్పుతో కొట్టాలి.

గోదావరి!

మే నెల. నీళ్లు మోకాలి లోతు. ఇసుక మాత్రం మైలు పొడుగు. కారు పది గజాలు పోయి కూరుకుపోయింది.

ఆగింది!

ఇప్పుడేం చేస్తాడు? జనం కావాలి కదా. జనం వస్తే చూడరా?

వచ్చారు. పిలవకుండానే వచ్చారు. ఇరవై మంది. ముందు రేవు పెద్ద హనుమండ్లు. రెండు జతల ఎడ్లు కట్టారు. చక్రాల కింద తాటి మట్టలు పరిచారు. కారు చుట్టూ చేతులు వేసి తొయ్యడం మొదలుపెట్టారు. గంటన్నర! ఇరవై తలలు. ఒక్క తలా పైకి లేవలేదు.

హనుమండ్లు చేతులు సిద్దిరాములు పక్కన తలుపు మీదే ఉన్నాయి. మోచేతికి తగిలేంత దగ్గర.

"బాంచెన్ దొరా..." చక్రాన్ని చూస్తూ అన్నాడు ముసలాయన. "నాలుగేండ్లాయె మిమ్ముల సూడక. పానం మంచిగున్నదా?"

ఒక్క మాట చాలు. ఒక్కటే మాట!

మధుకర్ వంగి టార్పాలిన్ సర్దాడు. రివాల్వరు గుడ్డ కిందికి పోయింది. లచ్చయ్య కణత దగ్గరికి.

ముందు నుయ్యి... వెనుక గొయ్యి. సిద్దిరాములు నోరు మూసుకున్నాడు.

"దొరకు కోపమొచ్చింది," హనుమండ్లు వణికిపోయాడు. "గుంజుండ్రిరా! జల్ది గుంజుండ్రి!"

అప్పుడు కనిపించాడు వాడు.

గుంపులో చివరివాడు. భుజాన గొంగడి. గోళ్లలో బొగ్గు మసి. నస్పూర్ దిక్కు బొగ్గు బాయి కార్మికుడై ఉంటాడు. అందరూ తోస్తుంటే వాడు తోయడం ఆపేశాడు. కారు వెనకభాగాన్ని, బంపర్ని అదే పనిగా చూశాడు. చూపు నెమ్మదిగా పైకి వచ్చింది. నల్ల షేర్వాణీ దాకా వచ్చింది.

అంతలోనే వెనక్కి తిరిగి, ఇసుకలో పడుతూ లేస్తూ, అవతలి ఒడ్డుకి పరుగెత్తాడు!

సిద్దిరాములు వాడు పోయిన దిక్కే చూశాడు.

కనిపెట్టిండు! గాడు కనిపెట్టిండు! పోలీసులకు జెప్పనీకే ఉరుకుతుండు!

'లచ్చిగా... జర ఓర్సుకోరా. మనిషి పోయిండు. ఇగ ఫికర్ లేదు.'

కారు ఒడ్డెక్కింది. ఇంజన్ మళ్లీ గర్జించింది. ఆ రొదలో లచ్చయ్య మూలుగు వినిపించడం లేదు.

"సార్... ఆడు..."

"బతికే ఉన్నడు. నోర్ముయ్యి!"

నస్పూర్ దాటారు. నాలుగున్నర.

రైల్వే గేటు. వేసి ఉంది!

కారు ఆగింది. దూరంగా గూడ్సు బండి కూత. గేటు దగ్గర పదిహేను ఇరవై మంది. బొగ్గు బాయి నుంచి షిఫ్టు దిగినవాళ్లు, కట్టెల మోపుల వాళ్లు. కారుని చూశారు. గుసగుసలు ఆగిపోయాయి. ఒక్కొక్కరే రోడ్డు దిగి, తలలు వంచేశారు.

ఒక్కడు వంచలేదు.

వాడే! గొంగడివాడు!

పక్కన పోలీసులు లేరు. ఎవరూ లేరు. ఒంటరిగా నిలబడ్డాడు. అయితేనేం? తల ఎత్తి నిలబడ్డాడు! పొద్దుటి నుంచీ ఇన్ని ఊళ్లలో, ఇంత జనంలో, తన వైపు సూటిగా చూసిన మొదటి మనిషి! సిద్దిరాములుకి వాడి కాళ్లు మొక్కాలనిపించింది.

వాడు నడిచి వచ్చాడు. వెనక తలుపు పక్కన నిలబడ్డాడు.

మధుకర్ చూడలేదు. వాడి కళ్లు వచ్చే రైలింజన్ మీద ఉన్నాయి. యంత్రం కనబడితే చాలు, వాడికి లోకం కనపడదు. ఆ మాటకొస్తే సిద్దిరాములుకీ అంతే.

"దొరా," వాడు మెల్లగా అన్నాడు. "నేను పోశంను. బుచ్చిరాములు కొడుకును."

బుచ్చిరాములు...!

సిద్దిరాములు సీట్లో వెనక్కి జరిగాడు.

"వెట్టికి రానన్నడని మా బాపును గీ కారెనుక కట్టి గుంజిచ్చినవ్. సుల్తానాబాద్ సంత దాక. యాదికున్నదా? నువ్వు పట్నం పారిపోయినవ్. వస్తవ్, ఎన్నడన్న వస్తవ్ అని నాలుగేండ్లు కండ్లల్ల ఒత్తులేసుకొని సూసిన."

యాదికుంది. ఎందుకుండదు? ఆ రోజు వెనక సీట్లో దొర.

స్టీరింగ్ ముందు సిద్దిరాములు!

'నిమ్మలంగ పోనియ్' అన్నాడు దొర. నిమ్మళంగానే పోనిచ్చాడు. సాయంత్రం బంపర్ కడుక్కున్నాడు. మెరిసేదాకా కడిగాడు.

ధడ్... ధడ్... ధడ్...

రైలింజన్ వచ్చేసింది! నేల అదిరింది. కారు అదిరింది. ముందు సీటు దగ్గర టార్పాలిన్ కొంచెం కొంచెంగా జారింది.

లచ్చయ్య ముఖం!

కళ్లు తెరిచే ఉన్నాయి. రెప్ప పడటం లేదు. నెత్తురు ఎప్పుడో ఎండి నల్లబడింది. పెదవి మీద ఈగలు. తోలుకోవడం లేదు.

లచ్చయ్య పోయాడు. ఎప్పుడో పోయాడు!

హనుమండ్లు పలకరించినప్పుడు, గంటన్నర సేపు ఇసుకలో... తను నోరు మూసుకున్నది శవం కోసమా!

ఇక ఎవరికోసం? ఇంకెందుకు?

గొంగడి పక్కకి జరిగింది. లోపల నుంచి నాటు బర్మారు తుపాకీ గొట్టం!

సిద్దిరాములు నోరు తెరిచాడు. పొద్దుటి నుంచీ బిగపట్టిన గొంతు పగిలిపోయేలా అరిచాడు.

"పోశం! నేను దొరను గాదురో! సిద్దిరాములును! డ్రైవర్ సిద్దిరాములును!"

ధడ్ ధడ్ ధడ్ ధడ్...

బొగ్గు పెట్టెలు. ఒకదాని వెనక ఒకటి. తన అరుపు తన చెవికే వినపడలేదు!

"పోశం! నా మొఖం సూడు! అద్దాలు గుంజు!"

కదులుతున్న దొర పెదవులను పోశం చూశాడు. తల వంచి పెరిగినవాడే, దొర అసలు ముఖం వాడెన్నడూ చూడలేదు. దొర బతిమాలుతున్నాడని అర్థమైంది. ఆనాడు తన బాపు కూడా బతిమాలాడు. ఇంతసేపే బతిమాలాడు.

గొట్టం షేర్వాణీ మూడో గుండీకి ఆనింది.

ఢాం!

ఆ చప్పుడుకి గేటు దగ్గర జనం తలలు ఇంకాస్త కిందికి వంగాయి.